కాలవకు కాపలా

చింతలమెరక మున్సిపాలిటీ వాళ్ళు ఆ ఎండాకాలం చెరుకుమిల్లు వీధి పొడుగునా మురుగు కాలవ తవ్వించారు. తవ్విన కాంట్రాక్టరు ప్రతి ఇంటి గుమ్మం ముందూ కాలవ మీద ఒక సిమెంటు పలక వేసుకుంటూ వచ్చాడు. వీధి చివర అబ్బులు ఇంటి ముందుకు వచ్చేసరికి పొద్దుపోయింది. మర్నాడు వేస్తానన్నాడు. మర్నాడు అతని కాంట్రాక్టు గడువు తీరిపోయింది. గడువు తీరాక వేసిన పలకకు లెక్క ఉండదు. అందుచేత మిగిలిన ఆ ఒక్క పలకనూ మున్సిపల్ ఆఫీసు ఆవరణలో దింపి, పని సంపూర్ణమైందని రాయించుకుని వెళ్ళిపోయాడు. ఆఫీసు సిబ్బంది దాని మీద మోటారు సైకిళ్ళు పెట్టుకోవడం మొదలెట్టారు.

పలక లేకపోతే మామూలు కొంపకు మునిగిపోయేదేమీ లేదు. కాలు చాపి దాటుకుంటారు. కానీ అబ్బులు ఇంటి అరుగు మీద దిబ్బరొట్టెల పొయ్యి ఉంది. అది అతని భార్య లోవమ్మ వేసిన పొయ్యి. ఆవిడ పోయినప్పుడు ఇక ఆ పొయ్యి ఆరినట్టేనని వీధి వీధంతా అనుకుంది. అబ్బులు ఆరనివ్వలేదు. చీకటితో లేచి మినప్పిండి రుబ్బి, మందపాటి ఇత్తడి గిన్నెలో పోసి, కింద సన్న సెగ పెట్టి, మూత మీద నిప్పులు పరిచి కూర్చునేవాడు. దిబ్బరొట్టె తొందరపెడితే కాలదు. దాన్ని తినేవాళ్ళు కూడా తొందర లేనివాళ్ళే. పదవీ విరమణ చేసిన మేష్టర్లు, మోకాళ్ళు అరిగిన షావుకార్లు, పళ్ళూడి పానకంలో ముంచుకుని చప్పరించే ముసలమ్మలు. వాళ్ళకు అరుగు మీద కూర్చోవడం చేతనవును గానీ కాలవ దూకడం చేతకాదు.

అబ్బులుకు కోపం వస్తే గొంతు పెరగదు, మాటలు తగ్గుతాయి. మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి కమిషనర్ ముందు నిలబడి అతను చెప్పింది ఇంతే.

"కాలవ మీది. పలకా మీదే. గుమ్మం నాది. మీ పలక మీ కాలవ మీద ఏసేసుకుని, నా గుమ్మం నాకిచ్చెయ్యండి."

కమిషనర్ వల్లభరావు గారు చెడ్డవారు కాదు. ఫిర్యాదు న్యాయమైందే అన్నారు. పలక ఉంది, ట్రాక్టరు ఉంది, మోసే మనుషులున్నారు, కావలసింది తన సంతకమేనని తేలింది. వారం తిరగకుండా కాగితం బల్ల మీదికి వచ్చింది. వల్లభరావు గారు కలం మూత తీశారు. అబ్బులు ఎదురుగా నిలబడి ఉన్నాడు. సరిగ్గా ఆ సమయానికి రాజధాని నుంచి సలహాదారు మృదుల గారు లోపలికి వచ్చి, బల్ల మీద కాగితం తలకిందులుగానే చదివేసి, "సార్, దయచేసి సంతకం పెట్టకండి" అన్నది.

ఆవిడ తెచ్చిన వార్త పెద్దది. ఏదో అంతర్జాతీయ సంస్థ ఒకటి, ప్రజాసేవల్ని సంస్కరించుకోదలచిన పట్టణాలకు సాంకేతిక సహాయం చేస్తానని ప్రకటించింది. సహాయం అంటే విదేశాల నుంచి నిపుణులు వస్తారు, చూస్తారు, నేర్పుతారు. నేర్చుకున్నవాళ్ళను తమ దేశం తీసుకెళ్ళి అక్కడి కాలవలు చూపిస్తారు. అక్కడి కాలవలు భూమి లోపల ఉంటాయి కాబట్టి చూడటానికేమీ ఉండదు. అయినా చూసి రావాలి. జిల్లాకు ఒక్క పట్టణానికే ఆ అదృష్టం. దరఖాస్తుకు ఒకటే షరతు. సమస్య కళ్ళెదుట ఉండాలి. దాన్ని సొంతంగా పరిష్కరించుకోగలిగిన స్తోమత మాత్రం ఉండకూడదు.

"ఒక్క పలకేనమ్మా ఇది" అన్నారు వల్లభరావు గారు, కలం గాలిలో పట్టుకుని.

"అదే దీని అందం సార్. చిన్న సమస్య. స్పష్టమైన సమస్య. ఫొటోలో బాగా పడుతుంది. రోడ్లు, నీళ్ళు అని రాసిన దరఖాస్తుల్ని వాళ్ళు చదవను కూడా చదవరు."

కమిషనర్ కలానికి మూత పెట్టేశారు. అబ్బులుకు కుర్చీ వేయించి, టీ తెప్పించారు. ఆఫీసులో కుర్చీ వేశారంటే పని జరగదని అబ్బులుకు తెలుసు. అయినా కూర్చున్నాడు. కమిషనర్ గారు గొంతు సవరించుకుని, ఆ సమస్య ఈ రోజు నుంచీ అబ్బులు ఒక్కడిది కాదనీ, పట్టణం మొత్తానిదనీ, దాన్ని అందరూ కలిసి కంటికి రెప్పలా కాపాడుకోవాలనీ చెప్పారు.

"మరైతే ఇంకెవరన్నా వచ్చి దూకుతారేటండి?" అని అడిగాడు అబ్బులు.

మృదుల గారు ఆ మాట పుస్తకంలో రాసుకుంది. పౌరుడికి సమస్య మీద యాజమాన్య భావన ఉందని రాసుకుంది.

దరఖాస్తుకు అన్నిటికన్నా ముందు కావలసింది చేతకాదన్న రుజువు. దానికోసం కౌన్సిల్ ప్రత్యేకంగా సమావేశమైంది. ప్రధాన భాగస్వామి హోదాలో అబ్బులును కూడా పిలిచి వెనక వరసలో కూర్చోబెట్టారు. మెడలో అతని ఫొటో ఉన్న కార్డొకటి వేశారు. చైర్‌పర్సన్ గారి తరఫున ఆవిడ భర్త లేచి, ఒక పలకను కాలవ మీద వేయడం ఈ మున్సిపాలిటీకి చేతకాదని తీర్మానం ప్రవేశపెట్టాడు. ప్రతిపక్ష నాయకుడు వెంటనే లేచి నిలబడ్డాడు. గొడవ ఖాయమనుకుని అటెండర్లు నీళ్ళ గ్లాసులు తీసేశారు. కానీ ఆయన, పాలకవర్గానికి ఏదీ చేతకాదని తాము నాలుగేళ్ళుగా మొత్తుకుంటున్నామనీ, ఇన్నాళ్ళకు సభ నిజం ఒప్పుకున్నందుకు సంతోషిస్తూ తీర్మానాన్ని బలపరుస్తున్నామనీ అన్నాడు.

పాలకపక్షానికి చేతకాదన్న మాట గుచ్చుకుంది. మృదుల గారు కల్పించుకుని, అంతర్జాతీయ భాషలో దాన్ని చేతకానితనం అనరనీ, సామర్థ్య లోటు అంటారనీ సర్ది చెప్పింది. సామర్థ్య లోటు అనేసరికి అందరి ముఖాలూ వికసించాయి. అంత గౌరవమైన మాటను ఒక్క పక్షానికే వదిలేయడం ప్రతిపక్షానికి ఇష్టం లేకపోయింది. ఆ లోటు తమ హయాంలోనే మొదలైందనీ, ఘనతలో తమ వాటా కూడా నమోదు కావాలనీ పట్టుబట్టారు. చాలాసేపు వాదించుకుని, లోటు ఇరుపక్షాల ఉమ్మడి కృషి ఫలితమని రాసుకుని, ఏకగ్రీవంగా ఆమోదించారు. చింతలమెరక కౌన్సిల్లో ఏకగ్రీవమైన తీర్మానం అదే మొదటిది. బల్లలు చరిచారు.

ఇంజనీరు దగ్గర కొంచెం చిక్కొచ్చింది. పలక ఎలా వేయాలో తనకు తెలియదని అతను సంతకం చేయాలి. పాపం, కొత్తగా పెళ్ళయినవాడు, అత్తవారికి తెలిస్తే బాగుండదని నసిగాడు. పైగా వీధిలో తక్కిన పలకలన్నీ తన పర్యవేక్షణలోనే పడ్డాయి, వాటి సంగతేమిటన్నాడు. అవి అనుకోకుండా పడ్డాయని రాద్దామన్నారు వల్లభరావు గారు. విదేశీ పర్యటనకు వెళ్ళేవాళ్ళలో ఇంజనీరు పేరు కూడా ఉందని మృదుల గారు గుర్తు చేసింది. తను చదువుకున్నది క్రమేణా మరిచిపోతున్నట్టు ఇంజనీరు సంతకం చేశాడు.

అబ్బులు మాత్రం దరఖాస్తు తేలేదాకా పొయ్యి ఆర్పి కూర్చోలేడు కదా. తాటి దుంగ ఒకటి నిలువునా చీల్పించి, చదును వైపు పైకి పెట్టి కాలవ మీద వేశాడు. మేష్టర్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, దేవుడి మీద భారం వేసి, దుంగ మీదుగా వచ్చేవాళ్ళు. షావుకార్లు తమ గుమాస్తాలను పట్టుకుని వచ్చేవాళ్ళు. బేరం సగం పడింది, సగం నిలిచింది.

ఈ సంగతి మృదుల గారికి తెలిసి ఆదుర్దాగా పరుగెత్తుకొచ్చింది. వెనకే కమిషనర్ గారి జీపు వచ్చింది. మున్సిపల్ సిబ్బంది నలుగురు దిగి, అబ్బులుకు నమస్కారం పెట్టి, తాటి దుంగను పాడె ఎత్తినట్టు ఎత్తి జీపులో పెట్టుకున్నారు. కమిషనర్ గారు చేతులు జోడించి, దుంగ వేయడం వల్ల సమస్య తీవ్రత తగ్గిపోతున్నదనీ, పట్టణ ప్రయోజనం దృష్ట్యా అబ్బులు సహకరించాలనీ కోరారు. అంతటి అధికారి అంతమంది ముందు చేతులు జోడించడం చూసి వీధిలో కొందరికి కళ్ళు చెమర్చాయి. మర్నాడు అక్కడ ఒక బోర్డు వెలిసింది. ఈ సమస్య మున్సిపాలిటీ సంరక్షణలో ఉన్నది. దీనిపై చెక్కలు, దుంగలు, రాళ్ళు వేసి దాటినవారు శిక్షార్హులు. ఆ బోర్డు కింద కుర్చీ వేసుకుని సింహాద్రి అనే కాపలాదారు కూర్చున్నాడు. ఎవరూ దాటే సౌకర్యం కల్పించుకోకుండా చూడటం అతని ఉద్యోగం.

ఎదురింట్లో పిండిమర నడిపే నాగమణి మర ఆపి మరీ గుమ్మంలోకి వచ్చింది.

"ఏం బావా, బ్యాంకుకి కూడా లేదే ఈ కాపలా. కాలవలో ఏం దాచావేంటి?"

"మున్సిపాలిటీ బుర్ర దాచేను. ఎత్తుకుపోతారని బయం."

సింహాద్రి నవ్వు ఆపుకోలేకపోయాడు. ఉద్యోగంలో చేరి అరగంటే అయింది. మంచివాడు. పొద్దున్నే కాలవ దూకి వచ్చి రొట్టె తిని, మళ్ళీ దూకి వెళ్ళి కాపలా కాసేవాడు. నానాటికి అబ్బులుకు నమ్మకమైన బేరం అతనొక్కడే అయ్యాడు.

ఇంతలో గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. పక్క పట్టణం కూడా దరఖాస్తు పెట్టిందని తెలిసింది. వాళ్ళది శ్మశానం దారి సమస్య. శవాన్ని మోసేవాళ్ళు నడుములోతు నీళ్ళలో దిగి వెళ్ళాలి. వల్లభరావు గారికి రెండు రోజులు అన్నం సహించలేదు. వాళ్ళ సమస్య ముందు మన సమస్య వెలవెలబోతున్నదని ఆఫీసులో అందరి దగ్గరా బాధపడ్డారు. ఆ పట్టణం కమిషనర్ పుట్టిపెరిగింది ఏటా వరదకు మునిగే లంక గ్రామంలో అనీ, సమస్యల్లో అతనికి మొదటి నుంచీ అనుభవం ఎక్కువనీ అసూయపడ్డారు. చివరికి ఇంజనీరే ధైర్యం చేసి, మన కాలవను కూడా కాస్త పెంచుకోవచ్చు కదా అన్నాడు. మరిచిపోయిన చదువు అతనికి ఆ మేరకు గుర్తుకు వచ్చింది.

జేసీబీ వచ్చింది. అబ్బులు ఇంటి ముందు మేరకు కాలవను వెడల్పు చేసి, లోతు చేసి వెళ్ళింది. పలక వేయడానికి దొరకని యంత్రం, గుంత తవ్వడానికి ఒక్క ఫోను చేస్తే ఎలా వచ్చిందని అబ్బులు అడిగాడు. పరిష్కారానికైతే నిధులు లేవనీ, సమస్యను బలోపేతం చేయడానికి దరఖాస్తు ఖర్చు కింద ఉన్నాయనీ మృదుల గారు ఓపికగా వివరించింది. ఆవిడ నిజంగానే ఓపికగల మనిషి. అబ్బులు ఇంటికి వచ్చినప్పుడల్లా చెప్పులు చేత్తో పట్టుకుని దూకేది. ఒకసారి చీర కుచ్చెళ్ళు తడుపుకుంది కూడా. అబ్బులు తువ్వాలు ఇచ్చాడు గానీ రొట్టె తినమనలేదు.

అంత వెడల్పు దూకడం సింహాద్రికే కష్టమైంది. పక్కింటి పలక మీదుగా చుట్టూ తిరిగి రావచ్చు కదా అంటే, పక్కింటికీ అబ్బులు ఇంటికీ మధ్య ప్రహరీ గోడ ఉంది. పక్కింటివాళ్ళతో లోవమ్మ బతికున్నప్పటి నుంచీ మాటల్లేవు. అబ్బులు అడగడు. వాళ్ళు పిలవరు.

ఒకరోజు పొద్దున సోమయాజులు మేష్టారు వచ్చి అవతలి గట్టు మీద ఆగిపోయారు. పొయ్యి వేసిన మొదటి రోజు నుంచీ ఆయన బేరం. చేతికర్రతో కాలవ లోతు చూశారు. వెడల్పు చూశారు. అబ్బులు కర్ర చివర గుడ్డ మూట కట్టి రొట్టె అందించబోయాడు. సింహాద్రి లేచి, అది కూడా సౌకర్యం కిందికే వస్తుందని చెప్పి తలదించుకున్నాడు.

"పోన్లేవయ్యా అబ్బులూ" అన్నారు మేష్టారు. "ఇంట్లో ఇడ్లీ ఉంది."

ఆయన తిరిగి వెళ్ళిపోతుంటే అబ్బులు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు గిన్నెలో రొట్టె అడుగంటింది. అది వేరే ఎవరికైనా జరగొచ్చు గానీ, అబ్బులుకు ఏనాడూ జరగలేదు.

నిపుణులు వచ్చారు. ముగ్గురు. వాళ్ళలో పెద్దాయన చాలా పొడుగు, ఎండకు ముక్కు ఎర్రబడిపోయి ఉంది. మున్సిపల్ ఆఫీసు ఆవరణలో కారు దిగుతూనే ఆయన మోటారు సైకిళ్ళ కింద ఉన్న సిమెంటు పలకను చూసి, అదేమిటని అడిగాడు. ఆఫీసు మొత్తానికి ఊపిరాగిపోయింది. వాహనాలు నిలిపే వేదిక అని ఇంజనీరు చెప్పాడు. ఆయన మెచ్చుకున్నాడు.

చెరుకుమిల్లు వీధికి మేళంతో తీసుకొచ్చారు. పొడుగాయన మేళాన్ని ఆపమని సైగ చేసి, కాలవ అంచున వంగి కూర్చుని కాసేపు చూశాడు. తరవాత ఎవరూ చెప్పకుండానే లేచి ఒక్క అంగలో దాటేశాడు. ఆయన కాళ్ళ పొడుగు దరఖాస్తులో ఎవరూ ఊహించలేదు. కమిషనర్ గారి ముఖం పాలిపోయింది. అప్పుడు ఆయన వెంట వచ్చిన పొట్టి ఆవిడ ప్రయత్నించి, మోకాలిదాకా బురదలో దిగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

పొడుగాయన అరుగు మీద కూర్చుని, రొట్టె కాలేదాకా కాచుకున్నాడు. తిన్నాడు. ఇంకోటి అడిగాడు. అబ్బులుకు ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు. ఈ సమస్యకు నీ ఉద్దేశంలో పరిష్కారమేమిటని ఆయన మృదుల గారి ద్వారా అడిగించాడు.

"ఆఫీసులో ఉన్న పలక తెచ్చి ఇక్కడ పడెయ్యడం" అన్నాడు అబ్బులు.

మృదుల గారు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పడం మొదలెట్టింది. చెబుతూనే ఉంది. చేతులు కూడా తిప్పింది. మధ్యలో పొట్టి ఆవిడ బురద తుడుచుకుని రాసుకోవడం మొదలెట్టింది. అబ్బులు అన్నది అంత పెద్ద మాటని అబ్బులుకు అంతకుముందు తెలియదు. అంతా విని పొడుగాయన అతని భుజం తట్టి, చాలా లోతైన ఆలోచన అని మెచ్చుకున్నాడట.

సహాయం మంజూరైంది. పక్క పట్టణం ఓడిపోయింది. వాళ్ళ శ్మశానం దారిని ఎవరో ఊరివాళ్ళు మట్టి తోలి ఎత్తు చేసేశారట. ఎంత నష్టపోయారో పాపం అని వల్లభరావు గారు జాలిపడ్డారు. కౌన్సిలర్లు టపాసులు కాల్చారు. అబ్బులుకు శాలువా కప్పారు. శాలువా కప్పించుకుంటూ అబ్బులు, ఇంక పలక వేస్తారు కదా అని అడిగాడు.

సాంకేతిక సహాయం అంటే సలహా మాత్రమేననీ, అందులో పలకలు రావనీ మృదుల గారు చెప్పింది. అయినా మున్సిపాలిటీ దగ్గర పలక ఉంది కాబట్టి నిపుణుల సలహా ప్రకారం దాన్ని వేస్తారు. అయితే వేస్తే ఏమవుతుందో శాస్త్రీయంగా తెలియాలి. తెలియాలంటే రెండు చోట్లు కావాలి. ఒకచోట వేయాలి, ఒకచోట వేయకూడదు. రెంటినీ ఏడాది పాటు పోల్చి చూడాలి. వీధి మొత్తం మీద పలక లేని చోట్లు రెండే ఉన్నాయి. ఒకటి అబ్బులు ఇల్లు. రెండోది, మూడిళ్ళ అవతల పార్కు కోసం వదిలేసిన ఖాళీ స్థలం. అక్కడ ఇల్లు లేదు గనుక కాంట్రాక్టరు పలక వేయలేదు. ఎక్కడ వేయాలో మనుషులు నిర్ణయిస్తే పక్షపాతం వస్తుందని కంప్యూటరు చేత చిట్టీ తీయించారు. కంప్యూటరు ఖాళీ స్థలాన్ని ఎంచుకుంది.

మోటారు సైకిళ్ళు పక్కకు తీసి, పలకకు పసుపు రాసి, ట్రాక్టరు మీద ఊరేగించుకొచ్చి, ముళ్ళకంపలూ పల్లేరు కాయలూ తప్ప ఏమీ లేని స్థలం ముందు ఇంజనీరు స్వయంగా నిలబడి వేయించాడు. పనిలో లోపమేమీ లేదు. చక్కగా కూర్చుంది. అబ్బులు తన అరుగు మీద నుంచి చూశాడు.

"మీరు తక్కువగా అనుకోకండి అబ్బులు గారూ" అన్నారు వల్లభరావు గారు. "పలక వేసిన చోటు కన్నా, వేయని చోటే పరిశోధనకు ప్రాణం. మీరు లేకపోతే ఇదంతా లేదు."

"ఆయ్" అన్నాడు అబ్బులు.

మర్నాడు పొద్దున గడ్డపార తీసుకుని లోవమ్మ వేసిన పొయ్యి కిందికి దింపాడు. మట్టి పొయ్యి. కదిలించగానే మూడు ముక్కలైంది. ముక్కల్ని గోడ వారగా పేర్చి, ఇనుప పొయ్యి ఒకటి కొని తెచ్చి, ఇత్తడి గిన్నెను భుజాన పెట్టుకుని, కాలవ దూకి, ఖాళీ స్థలం ముందు పలక దాటి లోపలికి వెళ్ళాడు. ముళ్ళకంప కొట్టి, రెండు తాటాకులు కప్పి, బల్ల వేసి, నిప్పు రాజేశాడు.

కబురు తెలిసి సోమయాజులు మేష్టారు మొట్టమొదట వచ్చారు. పలక మీద ఒక కాలు మోపి, గట్టితనం చూసుకుని, రెండో కాలు మోపారు. ఆయన వెనక షావుకార్లు, ముసలమ్మలు. నాలుగు రోజుల్లో బల్ల చాలక ఇంకోటి వేయాల్సి వచ్చింది. మేష్టారు రొట్టె తుంచి పానకంలో ముంచి, నోట్లో పెట్టుకుని, నమిలి, రుచిలో కొంచెం తేడా ఉంది సుమా అన్నారు. అబ్బులు నిప్పులు ఎగదోశాడు.

పార్కు స్థలాన్ని ఆక్రమించినందుకు ఏమంటారోనని నాగమణి భయపడింది. ఎవరూ ఏమీ అనలేదు. అనడం మాట అటుంచి, మృదుల గారు వచ్చి పలక పక్కన నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పలక వేయకముందు ఆ స్థలంలోకి మేకలు తప్ప వెళ్ళేవి కావు. వేసిన నెలలోపు ఒక వ్యాపారం మొలిచి, ఊళ్ళో పెద్దలంతా అక్కడే ఉన్నారు. పలక లేని చోట, అంటే అబ్బులు ఇంటి ముందు, ఇంటివాణ్ణి లెక్కలోంచి తీసేస్తే దాటేవాళ్ళ సంఖ్య సున్నాకు పడిపోయింది. ఇంత స్పష్టమైన తేడా ఏ దేశంలోనూ కనబడలేదని పొడుగాయన రాశాడట. సింహాద్రి ఇప్పటికీ పాతచోటే కూర్చుని, ఎవరూ దాటడం లేదని రోజూ చెబుతున్నాడు.

ఏడాది ఆగకుండానే నివేదిక వచ్చింది. ఖాళీ స్థలాల ముందు పలకలు వేస్తే వ్యాపారాలు మొలుస్తాయని అందులో తేలింది. కౌన్సిల్ మళ్ళీ ఏకగ్రీవంగా, పట్టణంలోని ఖాళీ స్థలాలన్నిటి ముందూ పలకలు వేయాలని తీర్మానించింది. పలకలు చాలలేదు. అవసరమైతే నివాసాల ముందున్న వాటిని తీసి సర్దుబాటు చేయాలన్న సూచన పరిశీలనలో ఉంది. వల్లభరావు గారూ, ఇంజనీరూ, చైర్‌పర్సన్ గారూ, ఆవిడ భర్తా చలికోట్లు కుట్టించుకుని, కనబడని కాలవలు చూడటానికి వెళ్ళారు.

ఒక సాయంత్రం అబ్బులు నిప్పులార్పి, గిన్నె తోముకుని, ఇంటిముఖం పట్టాడు. తన ఇంటి ముందు కాలవ దగ్గర ఆగి, గిన్నెను ముందు అవతలికి విసురుదామా, చంకన పెట్టుకుని దూకుదామా అని ఆలోచిస్తున్నాడు. జేబులో ఫోను మోగింది. ఎవరో ఆడపిల్ల. సంస్కరణల పథకం కింద కొత్తగా పెట్టిన పౌర సంతృప్తి కేంద్రం నుంచి మాట్లాడుతున్నానంది. గొంతు మర్యాదగా ఉంది. మీ ఇంటి ముందు మీ దుకాణానికి దారి లేదని మీరు ఫిర్యాదు ఇచ్చారు సార్, ఇప్పుడు ఆ చిరునామాలో దుకాణం లేదని తేలింది కాబట్టి సమస్య పరిష్కారమైనట్టు మూసేస్తున్నాం అని చెప్పింది. మీరు సంతృప్తి చెందారా లేదా ఒక్క మాట చెబితే చాలంది.

"ఏ ఊరమ్మా నీది?" అని అడిగాడు అబ్బులు.

ఆ పిల్ల ఎక్కడో చాలా దూరం ఊరి పేరు చెప్పింది.

"మీ ఇంటి ముందు కాలవ ఉందా?"

"తెలీదు సార్. అపార్ట్‌మెంటు మాది. మీరు జవాబు చెప్పాలి సార్. చెప్పకపోతే లైను కట్ చేయనివ్వరు మమ్మల్ని."

అబ్బులుకు ఆ పిల్ల మీద జాలేసింది. ఆఫీసు మనిషి మీద అతనికి జాలి కలగడం అదే మొదలు.

"ఒక్క నిమిషం ఉండమ్మా. ఇంట్లోకెళ్ళి సెప్తాను."

ఫోను జేబులో వేసుకున్నాడు. పంచె ఎగగట్టాడు. గిన్నెను చంకన బిగించాడు. రెండడుగులు వెనక్కి వేసి, పరుగెత్తి దూకాడు. కుడికాలు గట్టు అందుకుంది. ఎడమకాలు బురదలో దిగబడింది. గిన్నె జారి అరుగుకు కొట్టుకుని గంటలా మోగింది. సింహాద్రి కుర్చీలోంచి లేచి సాయానికి రాబోయి, తన ఉద్యోగం గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు. అబ్బులు గడ్డి పట్టుకుని పైకి వచ్చి, బురద కాలుతో తన గుమ్మం ముందు నిలబడి, ఆయాసపడుతూ ఫోను తీశాడు.

"ఆ శబ్దమేంటి సార్?"

"కాలవ దూకేనమ్మా."

"అవతలికి వచ్చేశారా సార్?"

"వచ్చేను."

అటువైపు మీటలు టకటకమని నొక్కిన చప్పుడు వినిపించింది.

"థాంక్యూ సార్. నమోదు చేశాను."

"ఏమని?"

"ఇబ్బంది లేకుండా ఇల్లు చేరారని సార్."